ఓవెన్ తలుపు కీలు విరిగితే ఇంట్లోనే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓవెన్ తలుపు సరిగా మూసుకోవడం లేదనీ, ఒకవైపు కిందికి దిగిపోయిందనీ, కీలు మారిస్తే సరిపోతుందా అనీ పదేపదే అడుగుతున్నందువల్ల ఈ జవాబులను ఒకచోట చేర్చాను. కింది అంచున కీళ్ళుండి ముందుకు వాలుతూ తెరుచుకునే తలుపులకే ఇవి వర్తిస్తాయి. అంటే వంటింటి అలమరలో అమర్చిన ఎలక్ట్రిక్ ఓవెన్, పైన పొయ్యిలూ కింద ఓవెనూ ఉన్న కుకింగ్ రేంజ్, గట్టుమీద పెట్టుకునే ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న ఓవెన్). ఈ పనిలో నేర్పు కన్నా జాగ్రత్త ఎక్కువ అవసరం. కీలులోని స్ప్రింగ్ ఎప్పుడు బిగుసుకుని ఉంటుందో తెలిసినవారికి మిగిలినది నాలుగైదు స్క్రూల పని. తెలియనివారికి అది వేళ్ళకు ప్రమాదం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## కీలు పాడైందో లేదో తేల్చుకునే దశ

తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. తప్పు కీలుదేనని ఎలా తెలుస్తుంది?

తలుపు మూసుకోకపోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు: కీలు అలసిపోవడం, కీలు చెయ్యి (కీలు నుంచి ఓవెన్ చట్రంలోకి దూరే లోహపు ముక్క) కూర్చునే గూడు అరిగిపోవడం, తలుపు చుట్టూ వేడిని ఆపే మెత్తని పట్టీ, అంటే గాస్కెట్, పాడవడం. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు ఒక కాగితం ముక్కను తలుపుకూ ఓవెన్ చట్రానికీ మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగి చూడండి. పైభాగంలోనూ రెండు పక్కలా ఇలా నాలుగైదు చోట్ల చూస్తే ఎక్కడ పట్టు లేదో తెలిసిపోతుంది. పై అంచు పొడవునా కాగితం వదులుగా వచ్చేస్తే కీళ్ళను అనుమానించాలి. ఒక్కచోట మాత్రమే వదులుగా ఉండి, అక్కడ గాస్కెట్ చిరిగో, గట్టిపడో, కొక్కెం నుంచి ఊడిపోయో కనిపిస్తే ముందు గాస్కెట్ మార్చండి. చాలా ఓవెన్లలో కింది అంచున గాస్కెట్ అసలు ఉండదు; అది లోపం కాదు. అలాగే అలమరలో అమర్చే ఓవెన్లు చాలావాటిలో చల్లబరిచే ఫ్యాన్ తలుపు పైఅంచు దగ్గరి సందులోంచి గోరువెచ్చని గాలిని బయటికి తోస్తుంది. దాన్ని చూసి తలుపు కారుతోందని భయపడనక్కరలేదు.

తలుపు వదలగానే దబ్బున కిందికి పడుతోంది. స్ప్రింగ్ తెగినట్టేనా?

చాలావరకు అంతే. తలుపును సగం దాకా తెరిచి, చెయ్యి పూర్తిగా తీయకుండా పట్టు కొద్దిగా వదలండి. మంచి కీళ్ళు తలుపు బరువును మోస్తూ దాన్ని అక్కడే నిలుపుతాయి, లేదా మెల్లగా కదలనిస్తాయి. బరువంతా మీ చేతిమీదే పడితే స్ప్రింగ్ తెగి ఉండాలి, లేదా గూడులోంచి జారి ఉండాలి. ఇలాంటి తలుపును ఒంటి చేత్తో తెరవకండి. గాజుతో ఉన్న ఆ బరువు మోకాలి ఎత్తులో పిల్లల మీద పడే అవకాశం ఉంది కనుక, బాగయ్యే వరకు ఓవెన్ వాడకం ఆపడమే మంచిది.

ఒకవైపు మాత్రమే కిందికి వాలింది. అది ఏమిటి?

వాలిన వైపు కీలు విరిగి ఉండవచ్చు, దాన్ని తలుపుకు పట్టి ఉంచే స్క్రూ వదులై ఉండవచ్చు, లేదా కీలు చెయ్యి గూడులో సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. కొన్నాళ్ళ కింద శుభ్రం చేయడానికి తలుపు తీసి మళ్ళీ పెట్టినట్లయితే మూడోదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అటువంటప్పుడు ఏమీ కొననక్కరలేదు. తలుపు తీసి తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది.

ఓవెన్ కొని ఎక్కువ కాలం కాలేదు. కీలు ఎందుకు విరిగింది?

తెరిచిన తలుపు మీద బరువు పెట్టడమే అన్నిటికన్నా పెద్ద కారణం. వేడి గిన్నెను ట్రేతో సహా తలుపు మీద దించి రుచి చూడటం, పిల్లలు దానిమీద ఎక్కడం, తుడిచేటప్పుడు మోచేయి ఆనించి వంగడం వంటివన్నీ కీలు మొదట్లో ఉండే సన్నని కడ్డీని వంచుతాయి. మాటిమాటికీ వేడెక్కి చల్లబడటం వల్ల స్ప్రింగ్ పట్టు కూడా కాలక్రమంలో సడలుతుంది. తలుపును గట్టిగా విసిరి మూయడం, కీలు గూట్లోకి నూనె కారి గట్టిపడటం, సముద్రతీర ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు పట్టడం దాని ఆయుష్షును ఇంకా తగ్గిస్తాయి.

సందు కొంచెమే ఉంది, కేక్ బాగానే వస్తోంది. అలాగే వాడుకోవచ్చా?

వాడుకోవద్దని గట్టిగా చెబుతాను. పై అంచునుంచి వచ్చే వేడి నేరుగా నాబ్‌ల మీదికీ, వాటి వెనకున్న స్విచ్‌ల మీదికీ వెళుతుంది. అలమరలో అమర్చిన ఓవెన్ అయితే పక్కనున్న లామినేట్ అంచులు ఉబ్బి ఊడిపోతాయి. పైరోలిటిక్ శుభ్రత సదుపాయం (లోపలి మురికిని అధిక వేడితో బూడిద చేసే ఏర్పాటు) ఉన్న ఓవెన్‌లో లోపలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాపుకు వెళుతుంది కనుక, తలుపు సరిగా అతకని స్థితిలో ఆ సదుపాయాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. తలుపును తాడుతో కట్టి ఉంచడం, కుర్చీ ఆనించి ఉంచడం కూడా ప్రమాదమే.

మాది మైక్రోవేవ్ ఓవెన్. దాని తలుపు కీలు నేను మార్చవచ్చా?

వద్దు. మైక్రోవేవ్ తలుపు పక్కకు తెరుచుకుంటుందన్నదొక్కటే కాదు తేడా. ఆ తలుపు, చట్రానికి అది అతుక్కునే తీరు, దానితో ముడిపడిన భద్రతా స్విచ్‌లు అన్నీ కలిసి మైక్రోవేవ్ తరంగాలను లోపలే ఉంచుతాయి. కొలతలో కొద్ది తేడా వచ్చినా ఆ రక్షణ దెబ్బతింటుంది. పైగా లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్‌లో 2,000 వోల్టుల స్థాయి విద్యుత్తు ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా అది నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. ఈ పనిని శిక్షణ పొందిన సర్వీసు మెకానిక్‌కే వదలండి.

## విడిభాగం తెప్పించే దశ

మోడల్ నంబరు ఎక్కడ ఉంటుంది?

తలుపు తెరిస్తే ఓవెన్ చట్రం అంచున, సాధారణంగా ఒక పక్కన లేదా అడుగున, చిన్న లోహపు రేకు గానీ స్టిక్కర్ గానీ కనిపిస్తుంది. కుకింగ్ రేంజ్‌లలో కింది సొరుగు తీస్తే దాని వెనక ఉండవచ్చు. ఓటీజీలకు వెనకవైపునో అడుగుభాగానో ఉంటుంది. దాన్ని రాసుకోవడం కన్నా ఫోటో తీసుకోవడం మేలు, ఎందుకంటే చివర ఉండే ఒక్క అక్షరం మారినా కీలు వేరే అవుతుంది.

ఒక కీలే విరిగింది. రెండూ మార్చాలా?

రెండూ మార్చండి. రెండు కీళ్ళూ ఒకే తలుపును ఒకే కాలం మోశాయి. విరగనిది కూడా సడలే ఉంటుంది. ఒకవైపు కొత్త స్ప్రింగ్, మరోవైపు పాత స్ప్రింగ్ ఉంటే తలుపు మెలి తిరిగినట్టు మూసుకుని, కొత్తదానిమీద బరువంతా పడుతుంది. కొన్ని మోడళ్ళలో కుడి, ఎడమ కీళ్ళు వేరువేరుగా ఉంటాయి. వాటిమీద ‘ఎల్’, ‘ఆర్’ అక్షరాలు ఉన్నాయేమో ఆర్డర్ ఇచ్చే ముందే చూసుకోండి. మెల్లగా మూసుకునే ఏర్పాటు కొన్నిటిలో ఒకవైపు కీలుకే ఉంటుంది.

అచ్చం అలాగే ఉన్న వేరే కీలు తక్కువ ధరకు దొరికింది. పెట్టుకోవచ్చా?

మీ మోడల్ నంబరుకు సరిపోతుందని అమ్మేవారు స్పష్టంగా చెబితే కంపెనీది కాకపోయినా వాడవచ్చు. చూపులకు ఒకేలా ఉందన్నంత మాత్రాన కొనకండి. చెయ్యి పొడవు, కీలు చేతికింద ఉండే గాడి స్థానం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, స్ప్రింగ్ బలం ఇవన్నీ కలవాలి. ముఖ్యంగా స్ప్రింగ్ బలాన్ని కంటితో కొలవలేం. ఒకే గాజు ఉన్న తలుపుకోసం చేసిన కీలు మూడు పొరల గాజు తలుపును మోయలేదు. పాత కీలు తీసి చేతిలో పెట్టుకుని పోల్చే అవకాశం ఉంటే పోల్చండి, లేదా తలుపు తీసిన తర్వాతే ఆర్డర్ ఇవ్వండి.

గూడు కూడా కొనాలా?

ఓవెన్ చట్రంలో కీలు చెయ్యి దూరే చోట కొన్ని మోడళ్ళకు చిన్న రోలర్ ఉన్న లోహపు గూడు ఉంటుంది. తలుపు తీసిన తర్వాత టార్చ్ వేసి చూడండి. రోలర్ తిరగకపోయినా, ఒకవైపు అరిగి చదునైనా, గూడు అంచు వంగి ఉన్నా అదీ మార్చాలి. చాలామంది కొత్త కీళ్ళు పెట్టి కూడా ఫలితం లేక నిరాశపడటానికి ఇదే కారణం.

వారంటీ ఇంకా ఉంది. లేదా మేం అద్దె ఇంట్లో ఉన్నాం. అయినా మేమే చేయవచ్చా?

వారంటీ ఉన్నప్పుడు కంపెనీ సర్వీసును పిలవడమే సరైన పని; మీరు విప్పితే ఆ హక్కు పోవచ్చు. అమెరికాలోని అపార్ట్‌మెంట్లలో అద్దెకు ఉండే మన వాళ్ళు ముందుగా లీజింగ్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఓవెన్ ఇంటి యజమానిదైనప్పుడు మరమ్మతు బాధ్యత సాధారణంగా వారిదే. మీ చేతిలో గాజు పగిలితే మాత్రం ఖర్చు మీమీద పడుతుంది.

ఏ పనిముట్లు దగ్గర పెట్టుకోవాలి?

ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక సాదా స్క్రూడ్రైవర్, ఆరు మొనల టార్క్స్ బిట్లలో టీ15, టీ20 సైజులు, ముక్కు ప్లయర్, మందపాటి చేతితొడుగులు, కళ్ళద్దాలు, టార్చ్. నేలమీద పరచడానికి మందమైన దుప్పటి తప్పనిసరి. స్క్రూలు వేసుకోవడానికి రెండు గిన్నెలు, గాజులకు గుర్తు పెట్టడానికి కాగితపు టేపు ఉంటే పని సులువవుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, తలుపు ఎత్తేటప్పుడు సాయానికి ఇంకొక మనిషి.

## తలుపు ఊడదీసే దశ

కరెంటు, గ్యాస్ ఎక్కడ ఆపాలి?

ఓవెన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. ప్లగ్ అందుబాటులో ఉంటే తీసేయండి. అలమరలో అమర్చినదైతే దానికి సంబంధించిన ఎంసీబీని (కరెంటు బోర్డులోని స్విచ్‌ను) ఆపి, ఓవెన్ దీపం వెలగడం లేదని సరిచూసుకోండి. భారతదేశంలో ఇది 230 వోల్టుల సరఫరా, అమెరికాలో ఎలక్ట్రిక్ రేంజ్‌లకు 240 వోల్టుల సరఫరా, రెండూ ప్రాణాంతకమే. గ్యాస్ రేంజ్ అయితే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపండి. తలుపు తీయడానికి రేంజ్‌ను కదపనవసరం లేకపోతే కదపవద్దు, ఎందుకంటే వెనకనున్న గ్యాస్ గొట్టం లాగబడుతుంది.

తలుపును అసలు ఎలా ఊడదీయాలి?

తలుపును పూర్తిగా కిందికి తెరవండి. రెండు కీళ్ళ దగ్గరా, చెయ్యి ఓవెన్‌లోకి దూరే చోట, ఒక చిన్న లోహపు లాక్ ముక్క కనిపిస్తుంది. సాదా స్క్రూడ్రైవర్ మొనతో రెంటినీ అది పోగలిగినంత వరకు పూర్తిగా తిప్పండి. చాలా మోడళ్ళలో ఇది తలుపు వైపుకు తిరుగుతుంది. ఇప్పుడు తలుపును మెల్లగా మూస్తూ వెళితే కొద్ది దూరంలో అది ఆగిపోతుంది. లాక్‌లు స్ప్రింగ్‌ను పట్టుకున్నాయనడానికి అదే సాక్ష్యం. ఆగకుండా పూర్తిగా మూసుకుపోతే లాక్ పడలేదని అర్థం. మళ్ళీ తెరిచి సరిచేయండి.

ఆగిన కోణంలోనే ఇద్దరూ చెరొక పక్కన రెండు చేతులతో తలుపును పట్టుకుని, ముందు పైకి, తర్వాత మీవైపుకు లాగండి. హ్యాండిల్ పట్టుకుని ఎత్తకండి. రెండు మూడు పొరల గాజు ఉన్న తలుపు అనుకున్నదానికన్నా బరువుగా ఉంటుంది, 10 కిలోలకు దగ్గరగా ఉండేవీ ఉన్నాయి. తలుపు బయటికి వచ్చాక ఆ లాక్ ముక్కలను ముట్టుకోకూడదు. అవి వదిలితే కీలు చెయ్యి స్ప్రింగ్ బలంతో ఒక్కసారిగా తలుపు వైపుకు మడుచుకుంటుంది, మధ్యలో ఉన్న వేలు ఎముకతో సహా నలిగిపోతుంది. పక్కనున్నవారికీ, ముఖ్యంగా పిల్లలకూ, ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

మా ఓవెన్‌కు లాక్ ముక్కలు కనిపించడం లేదు. ఏం చేయాలి?

కొన్ని మోడళ్ళలో లాక్‌కు బదులు కీలు చేతిలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. తలుపు పూర్తిగా తెరిచి ఆ రంధ్రంలో సరిపడే మందం ఉన్న ఉక్కు పిన్ను గానీ మేకు గానీ దూరిస్తే స్ప్రింగ్ కదలదు. సన్నని తీగ, గుండుపిన్ను వంటివి వాడవద్దు. అవి వంగి జారిపోతాయి. రంధ్రమూ లేకపోతే కీలు ఓవెన్ శరీరంలోనే ఉండే రకం అయ్యుంటుంది. మీ మోడల్ వాడుక పుస్తకంలో తలుపు తీసే విధానం బొమ్మలతో ఉంటుంది, దాన్ని చూడకుండా బలప్రయోగం చేయవద్దు.

విరిగిన వైపు లాక్ పడటం లేదు. తలుపు ఎలా తీయాలి?

స్ప్రింగ్ పూర్తిగా తెగి ఉంటే ఆ వైపు బలమే ఉండదు కనుక లాక్ పడకపోయినా చెయ్యి మడుచుకోదు. బరువు మాత్రం మీరే మోయాలి. కానీ కడ్డీ వంగి, స్ప్రింగ్ ఇంకా బిగుసుకునే ఉన్నట్టయితే అది వేరే సంగతి. తలుపును కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు ఆ వైపు లాగుతున్నట్టు తెలిస్తే స్ప్రింగ్ బతికే ఉంది. అప్పుడు పని ఆపి మెకానిక్‌ను పిలవండి. ఈ ఒక్క సందర్భంలో డబ్బు ఆదా చేయాలని చూడవద్దు.

తలుపు తీశాక కీలు చెయ్యి ఠపీమని మడుచుకుపోయింది. తిరిగి తెరవడం ఎలా?

ఎలాగూ కొత్త కీలు పెడుతున్నారు కనుక దాన్ని తెరవనక్కరలేదు. స్క్రూలు విప్పి అలాగే బయటికి తీసి పారేయండి. మంచిగా ఉన్న కీలే అలా మడుచుకుపోతే దాన్ని తలుపునుంచి తీసి, బల్లకు బిగించిన వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టి ఉంచే పనిముట్టులో) పట్టించి, పొడవైన ఇనుప గొట్టాన్ని కీలు చేతికి తొడిగి తెరిచి లాక్ వేయాలి. ముఖం పక్కకు ఉండాలి, వేళ్ళతో మాత్రం ఎన్నడూ ప్రయత్నించకూడదు. వైస్ లేని ఇంట్లో ఇది చేయదగిన పని కాదు.

తీసిన తలుపును ఎక్కడ పెట్టాలి?

మడతపెట్టిన దుప్పటి మీద, బయటి గాజు కిందికి ఉండేలా పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెట్టకండి. ఓవెన్ గాజు టెంపర్డ్ రకం. మధ్యలో దెబ్బను తట్టుకుంటుంది కానీ అంచుకు గ్రానైట్ గచ్చు తగిలితే మొత్తం ఒక్కసారిగా ముక్కలైపోతుంది.

## కొత్త కీలు బిగించే దశ

కీలు తలుపు లోపల ఉంది. గాజులన్నీ విప్పాలా?

అది తలుపు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కొన్నిటిలో తలుపు కింది అంచునో పక్కనో ఉన్న రెండు స్క్రూలు తీస్తే కీలు జారి వచ్చేస్తుంది. మరికొన్నిటిలో పై పట్టీ తీసి, లోపలి గాజులను బయటికి లాగి, లోపలి రేకును విప్పితే తప్ప కీలు కనిపించదు. ప్రతి దశకూ ఫోటో తీస్తూ, ఒక్కో దశ స్క్రూలను విడివిడిగా ఉంచండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే దాని మొన గాజుకు తగిలి, మొదటిసారి వేడెక్కినప్పుడే గాజు పగలవచ్చు.

లోపలి గాజులను ఏ వైపు తిప్పి పెట్టాలి?

తీసే ముందే ప్రతి గాజు పై మూలలో టేపు అంటించి వరుస సంఖ్యా, మీవైపున్న ముఖమూ రాయండి. కొన్ని లోపలి గాజులకు వేడిని వెనక్కి పంపే పూత ఒక వైపే ఉంటుంది. అది తారుమారైతే బయటి గాజు అతిగా వేడెక్కుతుంది. కొన్ని గాజులమీద అచ్చువేసిన రాతలు ఉంటాయి. అవి ఏ వైపు నుంచి సూటిగా చదవగలిగేవో ముందే చూసి ఉంచుకోండి. టేపును తిరిగి బిగించే ముందు తప్పక తీసేయాలి.

స్క్రూ కదలడం లేదు, తల అరిగిపోతోంది.

మాడిన నూనె పట్టి స్క్రూలు బిగుసుకుపోతాయి. గోరువెచ్చని సబ్బునీటితో చుట్టూ మెత్తబరిచి, తుడిచి, సరిగ్గా సరిపోయే బిట్‌తో బాగా నొక్కుతూ తిప్పండి. వదులుగా ఉండే బిట్ వాడటం వల్లే తలలు అరుగుతాయి. డ్రిల్ మెషిన్‌తో మాత్రం తిప్పవద్దు.

కీలు తలుపులో కాకుండా ఓవెన్ శరీరంలో ఉంది. అదీ ఇంట్లో చేయవచ్చా?

పాత రేంజ్‌లు కొన్నిటిలో స్ప్రింగ్ పక్క రేకు వెనక ఉంటుంది. దాన్ని చేరడానికి రేంజ్‌ను బయటికి లాగి, పక్క రేకు విప్పి, వేడిని ఆపే దూదిలాంటి ఇన్సులేషన్‌ను పక్కకు తప్పించాలి. గాజునారతో చేసిన ఆ పొర చర్మానికీ ఊపిరికీ ఇబ్బంది కలిగిస్తుంది కనుక మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. గ్యాస్ గొట్టం ఉన్న రేంజ్‌కు ఈ పనిని నేను సిఫారసు చేయను.

మా ఓటీజీ తలుపు స్ప్రింగ్ ఊడిపోయింది. అదీ ఇదే పద్ధతా?

ఇది చాలా తేలిక. చాలా ఓటీజీలలో తలుపు రెండు చిన్న ఇరుసుల మీద తిరుగుతుంది. పక్క రేకు లోపల ఒక కొక్కీ, దానికి తగిలించిన సన్నని సాగే స్ప్రింగ్ తలుపును మూసి ఉంచుతాయి. ప్లగ్ తీసి, చల్లారాక, పై కవచం స్క్రూలు విప్పితే స్ప్రింగ్ కనిపిస్తుంది. ముక్కు ప్లయర్‌తో దాన్ని తిరిగి తగిలించవచ్చు, తెగితే అదే పొడవూ మందమూ ఉన్నది వేయాలి. రేకు అంచులు చాకులా కోస్తాయి, కనుక చేతితొడుగులు తీయవద్దు. కవచం కింద కనిపించే తీగలు వేడి గొట్టాలకు తగలకుండా ఎలా ఉన్నవి అలాగే ఉంచండి.

## తలుపు తిరిగి ఎక్కించిన తర్వాత

తలుపును తిరిగి ఎక్కించడం ఎలా?

కొత్త కీళ్ళ లాక్‌లు పడి ఉన్నాయని ముందు చూసుకోండి. తలుపు ఏ కోణంలో బయటికి వచ్చిందో అదే కోణంలో ఇద్దరూ పట్టుకుని, రెండు కీళ్ళ చేతులనూ ఒకేసారి గూళ్ళలోకి తోయండి. కీలు చేతికింద ఉన్న గాడి చట్రం అంచుమీద కూర్చున్నప్పుడు తలుపు కొద్దిగా కిందికి దిగినట్టు తెలుస్తుంది. అప్పుడు దాన్ని పూర్తిగా తెరవండి. బలవంతం లేకుండా తెరుచుకోవాలి; అడ్డుపడితే ఒక గాడి కూర్చోలేదన్నమాట, బయటికి తీసి మళ్ళీ పెట్టండి. పూర్తిగా తెరుచుకున్న తర్వాతే రెండు లాక్‌లనూ పాత స్థానానికి తిప్పి, తలుపును మెల్లగా మూయండి.

కొత్త కీళ్ళు వేసినా పైన సందు ఉంది. ఎందుకు?

లాక్ ఒకవైపు పూర్తిగా వెనక్కి తిరగకపోవడం, గాడి సరిగా కూర్చోకపోవడం, గూడు రోలర్ అరిగిపోవడం, గాస్కెట్ కొక్కెం ఊడి తలుపుకు అడ్డుపడటం అనే వరుసలో చూడండి. ఇవేవీ కాకపోతే ఓవెన్ లోపలి జాలీ ట్రే పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో చూడండి. తలుపును మోకాలితో తోసి మూసే అలవాటు కొత్త కీళ్ళను త్వరగానే వంచుతుంది.

కీళ్ళకు నూనె వేయవచ్చా?

వంటనూనె, కుట్టుమిషన్ నూనె, స్ప్రే డబ్బాల్లో వచ్చే తుప్పు వదిలించే నూనె ఏవీ వద్దు. అవి వేడికి పొగలు కక్కి, జిగటగా మారి, దుమ్మును పట్టుకుంటాయి. వాడుక పుస్తకం అనుమతిస్తే అధిక వేడిని తట్టుకునే, ఆహారానికి హాని చేయని గ్రీజును రోలర్ దగ్గర చాలా కొద్దిగా పూయవచ్చు.

అమెరికాలో మా రేంజ్‌ను ముందుకు లాగాల్సి వచ్చింది. వెనక్కి తోసేటప్పుడు ఏం చూడాలి?

రేంజ్ ముందుకు పడిపోకుండా గోడకో నేలకో బిగించిన బ్రాకెట్ ఉంటుంది. వెనక కాలు ఆ బ్రాకెట్‌లోకి తిరిగి దూరిందని టార్చ్ వేసి చూడండి. అది దూరకపోతే, తెరిచిన తలుపు మీద పిల్లవాడు ఎక్కినప్పుడు రేంజ్ మొత్తం పైనున్న వేడి గిన్నెలతో సహా ముందుకు ఒరుగుతుంది. పరీక్షించడానికి రేంజ్ పై వెనక అంచును పట్టుకుని మెల్లగా ముందుకు వంచి చూడండి; వెంటనే ఆగిపోవాలి.

మొదటిసారి వేడి చేసేటప్పుడు ఏం గమనించాలి?

లోపల ఏమీ పెట్టకుండా 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట పాటు వేడి చేయండి. కొత్త లోహానికి పూసిన నూనె వల్ల మొదట కొద్దిగా వాసన రావచ్చు, కిటికీ తెరిచి ఉంచండి. నాబ్‌లు ముట్టుకోలేనంత వేడెక్కినా, గాజు లోపలనుంచి చిటపటమన్నా వెంటనే ఆపేయండి. పూర్తిగా చల్లారిన తర్వాత కీలు స్క్రూలను మరొకసారి బిగించి, కాగితం ముక్కతో అంచులన్నీ తిరిగి పరీక్షించండి.